సిర్‌పూర్ కంటే ముందు మ్యూజియం: భిలాయ్ నుంచి ప్రాచీన శ్రీపురానికి

భిలాయ్: ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఉక్కు పట్టణం వయసు ఏడు దశాబ్దాలే. అప్పటి సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం దీనికి పునాది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నిర్మాణ కాలం నుంచే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం పెరుగుతోంది. సెక్టార్లు, క్వార్టర్లు, వీధులు అన్నీ ముందుగా ప్లాన్ గీసి కట్టినవే. ఇలాంటి చోట పుట్టిన పిల్లలు తమ ఊరికి చరిత్ర లేదనుకుంటే తప్పు పట్టలేం. సెలవు దొరికితే 1972లో ఏర్పాటైన మైత్రీ బాగ్, కాస్త అభిరుచి ఉన్నవారికి సివిక్ సెంటర్‌లోని నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ. అంతకు మించి పురాతనమైనది చూడాలంటే హంపికో ఖజురహోకో రైలెక్కాలన్నది సాధారణ అభిప్రాయం.

అంత దూరం వెళ్లనవసరం లేదు. పట్టణానికి పశ్చిమాన ఉన్న నెహ్రూ నగర్ చౌక్ మీదుగా సాగే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, అంటే నేటి 53వ జాతీయ రహదారి, తూర్పున రాయ్‌పూర్‌ను, ఆరంగ్‌ను దాటి మహానది వంతెనను చేరుతుంది. వంతెన దాటి కొంత దూరం వెళ్లాక కుహరీ మలుపు వద్ద ఎడమకు తిరిగితే దాదాపు 17 కిలోమీటర్లలో సిర్‌పూర్ వస్తుంది. నెహ్రూ నగర్ నుంచి మొత్తం సుమారు 110 కిలోమీటర్లు. నేడు అది మహాసముంద్ జిల్లాలోని ఒక చిన్న గ్రామం. శరభపురీయులు, వారి తర్వాత పాండువంశీయులు ఏలిన కాలంలో దాని పేరు శ్రీపురం. దక్షిణ కోసల రాజ్యానికి అది రాజధాని.

ఈ ప్రయాణంలో ఒక చిక్కు ఉంది. సిర్‌పూర్‌కు నేరుగా వెళ్లినవారు ఇటుక గోడలు, పునాదులు, మెట్లు చూసి గంటన్నరలో వెనుదిరుగుతారు. ఆ ఇటుకలు ఎవరివో, వాటి మధ్య ఎవరు మసలారో చెప్పే ఆధారాలలో ముఖ్యమైనవి అక్కడ లేవు. శాసనాల్లో, కాంస్య విగ్రహాల్లో గణనీయమైన భాగం రాయ్‌పూర్ మ్యూజియంలో ఉంది. ఒక తారాదేవి విగ్రహం ఏకంగా అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. అంటే నగరపు శరీరం ఒకచోట, గొంతు మరొకచోట ఉన్నాయి. అమరావతి విషయంలో తెలుగువారికి ఇది తెలిసిన అనుభవమే. స్తూపం దిబ్బ కృష్ణా తీరాన, శిల్పాలు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోను, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోను. చెన్నైలోని శిల్పాలు చూడకుండా అమరావతి దిబ్బను చూసినవారికి ఎంత అర్థమవుతుందో, రాయ్‌పూర్‌లో ఆగకుండా సిర్‌పూర్ వెళ్లినవారికి అంతే అర్థమవుతుంది. అదృష్టవశాత్తూ ఇక్కడ రెండూ ఒకే రహదారి మీద ఉన్నాయి, మ్యూజియమే ముందు వస్తుంది.

ఎండలో రాలిపోయిన అక్షరాలు

రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం దేశంలోని పాత మ్యూజియాలలో ఒకటి. నాంద్‌గావ్ సంస్థానాధిపతి మహంత్ ఘాసీదాస్ దీనిని 1875లో నెలకొల్పారు. సత్నామీ పంథా స్థాపకుడైన గురు ఘాసీదాస్ వేరు, ఈయన వేరు. పేర్లు ఒకటే కావడంతో పొరపాటు పడేవారు ఎక్కువ. తొలుత మ్యూజియం నడిచిన ఎనిమిది పలకల చిన్న భవనం ఇప్పుడు మహాకోసల్ కళా వీథిక అనే చిత్రకళా ప్రదర్శనశాల. ప్రస్తుత భవనాన్ని 1953లో రాజేంద్రప్రసాదే ప్రారంభించారు. ఆరేళ్ల తర్వాత భిలాయ్‌లో కొలిమి వెలిగించినదీ ఆయనే.

మ్యూజియంలోకి వెళ్లినవారు సాధారణంగా పెద్ద శిలావిగ్రహాల వైపు నడుస్తారు. వాటి కంటే ముందు చూడవలసినది ఒక కొయ్య స్తంభం. దేశంలో రాతిపైన, రాగిపైన చెక్కిన శాసనాలు వేల సంఖ్యలో దొరికాయి. కొయ్యపై చెక్కిన ప్రాచీన శాసనం మిగలడం మాత్రం మహా అరుదు. దీనిని కిరారీ స్తంభం అంటారు. 1921 వేసవిలో కిరారీ గ్రామంలోని హీరాబంధ్ చెరువు ఎండిపోయింది. పూడిక తవ్వుతున్న రైతులకు బురదలో ఈ స్తంభం తగిలింది. శతాబ్దాల పాటు నీటిలో, బురదలో నానుతూ ఉన్నంత కాలం అది చెక్కుచెదరలేదు. ఒడ్డుకు చేర్చి ఎండలో పెట్టగానే కొయ్య బీటలు వారింది, పొరలు లేచి అక్షరాలు ఊడిపోవడం మొదలైంది. గ్రామంలోని ఒక పురోహితుడు ఈలోగా ఆ అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా కాగితంపై గీసి ఉంచారు. ఆ లిపి ఆయనకు తెలియదు. తెలియకపోయినా కంటికి కనిపించిన ఆకారాలను శ్రద్ధగా దించారు. ఇప్పుడు స్తంభంపై మిగిలిన అక్షరాలు అతి కొద్ది. శాసనంలో ఏముందో లోకానికి తెలిసిందంటే ఆ కాగితం వల్లే.

లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. కాలం క్రీ.శ. 2వ శతాబ్దం, అంటే దక్కన్‌లో సాతవాహనుల ప్రాబల్యం ఉన్న రోజులు. అందులో కథ లేదు, రాజస్తుతి లేదు. ఉన్నది ఉద్యోగుల పేర్లు, వారి హోదాలు. నగర రక్షణ చూసేవాడు, సేనాపతి, ప్రతిహారి, లెక్కలు రాసే గణకుడు, భాండాగారాన్ని కాపాడే భాండాగారికుడు, రాజు వంటశాలను చూసే మహానసికుడు, ఉత్తరాలు మోసే లేఖహారకుడు, ఏనుగులెక్కేవారు, గుర్రాలెక్కేవారు, పశువుల మందలపై అధికారి అయిన గోమండలికుడు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి ఒక పాలనాయంత్రాంగపు హాజరు పట్టీ అనుకోవచ్చు. భాండాగారం అన్న మాట ప్రాకృతంలో భండారమై, తెలుగులో బండారంగా నిలిచింది. బండారు అనే ఇంటిపేరు ఉన్నవారు ఈ స్తంభం ముందు మరి కాసేపు ఆగినా ఆశ్చర్యం లేదు.

ఈ కొయ్య సిర్‌పూర్‌ది కాదు, శ్రీపురం రాజధాని కావడానికి కొన్ని శతాబ్దాల ముందుది. అయినా మొదట దీనినే చూడమనడానికి కారణం ఉంది. ఒక ప్రాచీన వస్తువు మనదాకా రావడం ఎంత సన్నని దారంపై ఆధారపడి ఉంటుందో దీనిని చూసినవారికి వివరించనక్కరలేదు.

ఒక తల్లి కట్టించిన గుడి, ఆమె పెట్టిన షరతులు

సిర్‌పూర్‌లో అందరూ చూసేది లక్ష్మణ ఆలయం. దాని కథ చెప్పే శాసనం రాయ్‌పూర్ మ్యూజియంలో ఉంది. ఆలయ శిథిలాల్లో బయటపడిన ఈ సంస్కృత శిలాశాసనాన్ని హీరాలాల్ పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 11వ సంపుటంలో ప్రకటించారు. దాని ప్రకారం ఆలయాన్ని కట్టించినది వాసట. ఆమె మగధను ఏలిన సూర్యవర్మ కుమార్తె, పాండువంశపు రాజు హర్షగుప్తుని భార్య, మహాశివగుప్త బాలార్జునుని తల్లి. భర్త మరణానంతరం, కుమారుని పాలనలో, విష్ణువుకు ఈ ఆలయం నిర్మించింది. భర్త స్మృతిలో కట్టిన కట్టడం అనగానే తాజ్ మహల్‌తో పోల్చడం పర్యాటక ప్రచారంలో అలవాటుగా మారింది. పోలిక తేలికైనదే కానీ శాసనం చదివితే వాసట ఆలోచించినది వేరని తెలుస్తుంది. గుడి కట్టడంతో ఆమె పని ముగియలేదు, అది తన తర్వాత ఎలా నడవాలన్నదే ఆమె చింత.

ఆలయానికి ఆమె ఐదు గ్రామాలు సమకూర్చింది. వాటి ఆదాయాన్ని భాగాలు చేసి అన్నసత్రానికి, ఆలయ మరమ్మతులకు, సేవకుల పోషణకు కేటాయించింది. మరో భాగం పన్నెండుమంది బ్రాహ్మణులకు. ఋగ్వేద, యజుర్వేద, సామవేద శాఖలకు నలుగురు చొప్పున. ఆ వాటా వారి తర్వాత కుమారులకు సంక్రమిస్తుంది. అయితే ఆ కుమారులు షడంగాలు అభ్యసించినవారై ఉండాలి. జూదం, వేశ్యాసంగమం వంటి వ్యసనాలు ఉండరాదు, పరుల కొలువు చేయరాదు. అర్హత లేనివాడు ఎవరైనా ఉంటే అతని స్థానంలో విద్యావంతుడు, వయసులో పెద్దవాడు అయిన బంధువును నియమించాలి. ఆ నియామకం వారిలో వారి అంగీకారంతో జరగాలి, రాజాజ్ఞతో కాదు. వారసత్వంగా వచ్చే హక్కు ఎలా చెడిపోతుందో బాగా ఎరిగినవారు రాయించిన పత్రం ఇది. ఒక రాజమాత తన కుమారుని ప్రభుత్వాన్నే ఈ వ్యవహారంలో దూరంగా ఉంచిందన్న విషయం గమనింపదగినది.

మరమ్మతులకు విడిగా నిధి పెట్టిన ఆ ముందుచూపు ఎన్నాళ్లు పనిచేసిందో గాని, కట్టడం మాత్రం నిలిచింది.

మ్యూజియంలో రాగి శాసనాలూ ఉన్నాయి. తాళపత్రాల్లా పలకలను కట్టగా చేసి, ఒక కడియానికి గుచ్చి, రాజముద్ర వేసేవారు. శరభపురీయుల, పాండువంశీయుల శాసనాల్లో ప్రతి అక్షరం తలపైన చిన్న చతురస్రాకారపు పెట్టె కనిపిస్తుంది. దీనిని పెట్టెతల లిపి అనవచ్చు. విదర్భను ఏలిన వాకాటకుల శాసనాల్లోనూ ఇదే పద్ధతి. ఉత్తరాది అక్షరాలకు తలకట్టు గీతగా మారుతున్న దశలో, దక్షిణాన గుండ్రని మలుపులు ఏర్పడుతున్న దశలో, మధ్యభారతంలో తలకట్టు ఇలా పెట్టెగా నిలిచింది. తెలుగు అక్షరాల తలకట్టుతో వీటిని పోల్చి చూపిస్తే పిల్లలకు అదొక మంచి పాఠం.

బాలార్జునుడు దీర్ఘకాలం ఏలినట్టు ఈ రాగి రేకులే చెబుతున్నాయి. లోఢియా శాసనం ఆయన పాలనలోని 57వ సంవత్సరానిది. ఆయన శివభక్తుడు. తల్లి విష్ణువుకు గుడి కట్టించింది. మల్హార్‌లో దొరికిన ఆయన శాసనం మరో ఆసక్తికర విషయం తెలుపుతుంది. మేనమామ భాస్కరవర్మ కోరగా ఒక విహారంలోని బౌద్ధ సంఘానికి ఆయన ఒక గ్రామాన్ని దానం చేశాడు. శైవుడైన రాజు, వైష్ణవ దేవాలయం కట్టించిన తల్లి, బౌద్ధులకు దానం ఇప్పించిన మేనమామ. సిర్‌పూర్‌లో శివాలయాలు, విష్ణ్వాలయం, బౌద్ధ విహారాలు పక్కపక్కన ఎందుకు ఉన్నాయో తెలియాలంటే ఈ కుటుంబాన్ని తెలుసుకోవాలి.

1939లో సిర్‌పూర్‌లో ఒక కాంస్య విగ్రహాల నిధి బయటపడింది. బుద్ధుడు, మంజుశ్రీ, పద్మపాణి, తార వంటి బౌద్ధ దేవతా మూర్తులవి. పరిమాణంలో చిన్నవే. కళ్లకు, ఆభరణాలకు వెండి, రాగి పొదిగిన పనితనం దగ్గరగా వంగి చూస్తేనే కనిపిస్తుంది. కొన్ని రాయ్‌పూర్ మ్యూజియానికి చేరాయి, మరికొన్ని వేరు చేతుల్లో పడి చెదిరిపోయాయి. లాస్ ఏంజెలెస్‌లోని తార ఈ సిర్‌పూర్ శైలికి చెందినదే. భారతీయ కాంస్య కళపై వెలువడిన గ్రంథాల్లో దాని చిత్రం తరచూ కనిపిస్తుంది. చెక్కిన ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది ఆ చిత్రాలతోనే. ఆ ఊరికి అరగంట దూరంలో ఉన్నవారిలో ఎందరు రాయ్‌పూర్‌లోని తోబుట్టువులను చూశారన్నది వేరే ప్రశ్న.

ఇటుక మీద చెక్కడం

మ్యూజియం నుంచి బయలుదేరితే దారిలో ఆరంగ్ వద్ద భాండ్ దేవల్ అనే జైన ఆలయం ఉంది. సుమారు 11వ శతాబ్దానిది. నక్షత్రాకారపు పునాదిపై లేచిన ఆ శిఖరానికి, లోపలి ముగ్గురు తీర్థంకరుల మూర్తులకు ఒక అరగంట కేటాయించవచ్చు. ఎండ ముదిరేలోపు సిర్‌పూర్ చేరాలనుకునేవారు తిరుగు ప్రయాణానికి వాయిదా వేసుకున్నా నష్టం లేదు.

లక్ష్మణ ఆలయం ఎత్తయిన రాతి అరుగుపై నిలిచిన ఇటుక కట్టడం. ముందుండే మండపం కూలిపోయింది, దాని రాతి స్తంభాల మొదళ్లు మాత్రం మిగిలాయి. గర్భగృహం, దానిపై విమానం నిలిచాయి. తెలుగువారికి ఇటుక శిఖరమంటే రామప్ప గుర్తుకొస్తుంది. అక్కడ రాతి గుడిపై బరువు తగ్గించడానికి తేలికైన ఇటుకలు వాడారు. ఇక్కడ పద్ధతి తలకిందులు. గోడా శిఖరమూ ఇటుకే, రాయి ద్వారబంధం వరకే. ఇటుకల మధ్య సందులు ఎంత సన్నగా ఉన్నాయంటే, దూరం నుంచి ఒకే ముద్దను మలచినట్టు కనిపిస్తుంది. గోడలపై ఉన్న గవాక్షాలు నిజమైన కిటికీలు కావు, ఇటుకపై చెక్కిన కిటికీ బొమ్మలు. రాతిని చెక్కేవాడు తప్పు చేస్తే సరిదిద్దుకునే మార్గం కొంత ఉంటుంది. కాల్చిన ఇటుక అంచు విరిగితే అంతే. ఈ గోడ ముందు మెల్లగా నడవమనడానికి ఇదే కారణం.

రాతి ద్వారబంధం పైపట్టెలో శేషశయనుడైన విష్ణువు, పక్కపట్టెల్లో అవతార కథలు ఉన్నాయి. గుడి విష్ణువుదని తేల్చేది ఇదే. మరి లక్ష్మణ ఆలయం అన్న పేరు ఎలా వచ్చింది? గర్భగృహంలో ఇప్పుడున్న చిన్న విగ్రహం పాము పడగల కింద కూర్చున్న మూర్తి. శేషుని అవతారం లక్ష్మణుడు కనుక జనం ఆ పేరుతో పిలిచారు. పక్కన శిథిలంగా ఉన్న మరో ఇటుక గుడికి రామాలయమని పేరు పెట్టారు. వాసట పేరు ఊరి జ్ఞాపకంలో నిలవలేదు. రాతిపైన నిలిచింది, ఆ రాయి రాయ్‌పూర్‌లో ఉంది. ఆలయ ఆవరణలోనే పురావస్తు శాఖ ఒక శిల్పశాలను ఏర్పాటు చేసింది. చుట్టుపక్కల దొరికిన విగ్రహాలను అక్కడ చూడవచ్చు.

అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1881–82 పర్యటనలో ఇక్కడికి వచ్చి వివరాలు నమోదు చేశారు. క్రమబద్ధమైన తవ్వకాలు మాత్రం 1950లలో సాగర్ విశ్వవిద్యాలయం తరఫున ఎం.జి. దీక్షిత్ నేతృత్వంలో మొదలయ్యాయి. ఆనందప్రభు విహారం, స్వస్తిక విహారం అప్పుడు వెలుగు చూశాయి. భిక్షువు ఆనందప్రభు బాలార్జునుని కాలంలో కట్టించిన విహారంలో భూమిస్పర్శ ముద్రలో ఉన్న నిలువెత్తు బుద్ధ విగ్రహం ఇప్పటికీ తన స్థానంలోనే ఉంది. చుట్టూ భిక్షువుల గదులు. మ్యూజియంలో గాజు వెనుక చూసిన కాంస్య మూర్తులు ఇలాంటి గదుల్లో, ఇలాంటి వెలుతురులో ఉండేవని ఇక్కడ నిలబడితే ఊహకు అందుతుంది. మ్యూజియం ముందు, నగరం తర్వాత అన్న క్రమం ఫలించే చోటు ఇదే.

2000 తర్వాత ఎ.కె. శర్మ నేతృత్వంలో మరో దశ తవ్వకాలు జరిగాయి. తీవరదేవ విహారం, సురంగ్ టీలా అప్పుడు బయటపడ్డాయి. తీవరదేవ విహారపు రాతి గుమ్మంపై మొసలి, కోతి కథ ఉంది. కోతి గుండెకాయ కోరిన మొసలి కథ వినని తెలుగు పిల్లలు ఉండరు కాబట్టి వెతికి చూపించాల్సిన శిల్పం ఇది. సురంగ్ టీలా ఎత్తయిన వేదికపై ఐదు గర్భగృహాలతో కట్టిన ఆలయం. ముప్పైకి పైగా ఉన్న నిటారు మెట్లు మధ్యలో అలల్లా వంగి ఉంటాయి. ఒక భూకంపం వల్ల అలా జరిగిందన్నది తవ్వకాలు జరిపినవారి అభిప్రాయం. ఎక్కడం కష్టం కాదు గాని, వృద్ధులకు దిగడమే కష్టం.

చైనా యాత్రికుని దారి, విజయనగరం రైలు దారి

తెలుగు సందర్శకునికి సిర్‌పూర్ పరాయి ఊరు కాదనడానికి బలమైన ఆధారం 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ రచన. క్రీ.శ. 639 ప్రాంతంలో ఆయన కోసల దేశానికి వచ్చాడు. రాజు క్షత్రియుడని, బౌద్ధాన్ని ఆదరించేవాడని, నూరు సంఘారామాలు, పదివేల లోపు భిక్షువులు ఉన్నారని రాశాడు. ఆచార్య నాగార్జునుని, ఆయనను ఆదరించిన సాతవాహన రాజును ఈ దేశంతో ముడిపెట్టి చెప్పాడు. రాజధాని పేరు మాత్రం రాయలేదు. అందువల్ల పండితులు భిన్నమైన స్థలాలు సూచించారు. కన్నింగ్‌హామ్ నేటి మహారాష్ట్రలోని చాందా వైపు మొగ్గారు. సిర్‌పూర్ విహారాలు బయటపడిన తర్వాత ఈ ఊరి వైపు మొగ్గు పెరిగింది. లక్ష్మణ ఆలయ కాలంపైనా ఏకాభిప్రాయం లేదు. బాలార్జునుని పాలనను కొందరు 7వ శతాబ్దపు తొలి సగంలో, మరికొందరు 8వ శతాబ్దంలో ఉంచుతారు. కనుక యాత్రికుడు ఈ గుడిని చూశాడని గైడ్లు చెప్పే మాటను ఒక వాదంగానే తీసుకోవాలి.

ఆ తర్వాత ఆయన వెళ్లిన దిక్కు గురించి మాత్రం వివాదం లేదు. కోసల నుంచి దక్షిణంగా నడిచి ఆంధ్ర దేశానికి, వేంగి నగరానికి చేరాడు. అక్కడి నుంచి ధాన్యకటకానికి, అంటే అమరావతి ప్రాంతానికి. ఆంధ్రుల గురించి ఆయన గమనించిన విషయాల్లో ఒకటి భాష. వారి మాట మధ్యదేశపు మాటకు భిన్నమని, అక్షరాల రూపం మాత్రం చాలావరకు ఒకటేనని రాశాడు. కోసల రాగి రేకులను చూసి, వెంటనే వేంగి ప్రాంతపు శాసనాలను చూసేవారికి ఆ పరిశీలన ఎంత సరైనదో తెలుస్తుంది.

ఇరు రాజ్యాల మధ్య యాత్రికులే కాదు, సేనలూ తిరిగాయని భావించేవారున్నారు. విష్ణుకుండి రాజు మాధవవర్మ బిరుదుల్లో త్రివర నగర ప్రస్తావన వస్తుంది. ఆ త్రివరుడు దక్షిణ కోసలను ఏలిన తీవరదేవుడేనని కొందరు చరిత్రకారులు వాదించారు, మరికొందరు అంగీకరించలేదు. ఏమైనా తెలుగు నాట రాజుల కాలక్రమం తేల్చే చర్చల్లో సిర్‌పూర్ రాజుల పేర్లు తప్పక వస్తాయి.

భిలాయ్ తెలుగువారికి ఈ దారి మరో విధంగానూ తెలిసినదే. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం మహాసముంద్ మీదుగా సాగుతుంది. సిర్‌పూర్‌కు దగ్గరి రైల్వే స్టేషన్ అదే, దూరం సుమారు 35 కిలోమీటర్లు. పెళ్లిళ్లకు, పండుగలకు సొంత ఊరు వెళ్లి వచ్చే కుటుంబాలు మూడు తరాలుగా ఈ స్టేషన్‌ను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ కూడా ఇక్కడ ఆగుతుంది.

వెళ్లేవారికి

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వేసవిలో ఇటుక నేల నిప్పులా కాలుతుంది, చుట్టూ నీడ తక్కువ. మాఘ పౌర్ణమికి జాతర, ఉత్సవం జరుగుతాయి. సందడి కోరేవారు అప్పుడు వెళ్లవచ్చు. శాసనాలు, శిల్పాలు తీరిగ్గా చూడాలనుకునేవారు మిగతా రోజుల్లో వెళ్లడం మేలు. రాయ్‌పూర్ మ్యూజియం సోమవారాల్లోను, ప్రభుత్వ సెలవు దినాల్లోను మూసి ఉంటుంది. ఈ చిన్న విషయం మరచి బయలుదేరితే ప్రయాణపు క్రమమంతా తలకిందులవుతుంది. ఉదయం మ్యూజియం తెరిచే వేళకు అక్కడ ఉండి, మధ్యాహ్నానికి సిర్‌పూర్ చేరి, సూర్యాస్తమయం లోపు ముఖ్యమైన కట్టడాలు చూడవచ్చు. కట్టడాలు ఒకదానికొకటి దూరంగా ఉన్నందున సొంత వాహనమో టాక్సీయో ఉంటే సుఖం. రెండు రోజులు కేటాయించగలిగితే మొదటి రోజు మ్యూజియానికి, మహాకోసల్ కళా వీథికకు, రెండో రోజు సిర్‌పూర్‌కు ఉంచుకోవచ్చు.

అంత దూరం వెళ్లలేని పెద్దవారికి భిలాయ్-3 దగ్గర దేవ్‌బలోదాలో కలచురి కాలపు మహాదేవాలయం ఉంది. నెహ్రూ నగర్ నుంచి పదిహేను కిలోమీటర్లకు అటూఇటూ. శిఖరం లేని గుడి, పక్కనే కోనేరు. గోడల నిండా వేటగాళ్లు, నర్తకులు, ఏనుగులు. శిఖరం ఎందుకు పూర్తికాలేదో చెప్పే జానపద కథ ఒకటి ఊళ్లో వినిపిస్తుంది. శిల్పి తన చెల్లెలి రాకతో సిగ్గుపడి కోనేటిలో దూకాడన్నది దాని సారం.

సిర్‌పూర్‌లో చివరగా చూడవలసినది మహానది ఒడ్డున ఉన్న గంధేశ్వర ఆలయం. పురాతత్వ దృష్టితో వచ్చినవారు దీనిని తరచూ వదిలేస్తారు, ఎందుకంటే ఇప్పుడున్న కట్టడం అంత పాతది కాదు. మరాఠాల కాలంలో జీర్ణోద్ధరణ జరిగింది. కూలిన గుళ్ల నుంచి, విహారాల నుంచి తెచ్చిన స్తంభాలు, ద్వారబంధాలు, విగ్రహాలు ఇందులో వాడారు. ప్రాంగణంలో బుద్ధ విగ్రహాలూ ఉన్నాయి. గాజు పెట్టెలు లేవు, పేరు పలకలు లేవు. బాలార్జునుని కాలంలో దీని పేరు గంధర్వేశ్వరం. ఆలయంలోని ఒక శాసనం స్వామికి పూలమాలలు అందించేందుకు మాలకారులతో చేసిన ఏర్పాటును నమోదు చేసింది. నదివైపు మెట్ల మీద ఈ గుడిలో నేటికీ నిత్యపూజ జరుగుతోంది.